డెల్టా ఊళ్లను కదిలించిన మన్యం కథ



ఒక కథ విని మనిషి ఎందుకు కంటతడి పెడతాడు? తాను ఎన్నడూ చూడని కొండల్లో, తనకు ఏ చుట్టరికమూ లేని మనుషులకు జరిగిన అన్యాయం విని పిడికిలి ఎందుకు బిగిస్తాడు? కళకు ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ శక్తికి హద్దు ఉందా? ఇవి పుస్తకాల్లో చర్చించే ప్రశ్నల్లా కనిపిస్తాయి. కానీ మన విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలో సుమారు ఎనభై ఏళ్ల కిందట జరిగిన చరిత్రలోనే వీటికి జవాబు ఉంది. ఆ చరిత్రలో మనమూ ఉన్నాం. అయితే రెండు చోట్ల ఉన్నాం: వేదిక మీద చెప్పిన కథలోనూ ఉన్నాం, ఆ కథ విన్న జనానికి కూతవేటు దూరంలో, ఎవరి కంటా పడకుండానూ ఉన్నాం. ఈ రెండూ తెలుసుకోవాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాం.

మన్యంలో ఏం జరిగింది

ముందు అసలు కథ గుర్తు చేసుకుందాం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక తూర్పు కనుమల్లోని గూడెం, రంప ప్రాంతాల్లో పోడు వ్యవసాయం మీద ఆంక్షలు బిగిశాయి. తాతముత్తాతల నాటి నుంచి విత్తుకుంటున్న కొండవాలు సర్కారు అడవి అయిపోయింది. కట్టెలు తెచ్చుకోవడానికీ, పశువుల్ని మేపుకోవడానికీ అనుమతి కావాల్సి వచ్చింది. ముఠాదారులకున్న పాత అధికారాలు ఒక్కొక్కటిగా పోయాయి. వీటికి తోడు నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు.

ఆ కడుపుమంట 1922లో భగ్గుమంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. నాయకుడు అల్లూరి సీతారామరాజు. ఆయన పక్కన నిలబడి పోరాడినవాళ్లు గాం గంటందొర, గాం మల్లుదొర, గోకిరి ఎర్రేసు, ఇంకా పేర్లు చరిత్రకెక్కని ఎందరో కొండవాళ్లు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర మాటువేసిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. ఉద్యమాన్ని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసుల్నీ, అస్సాం రైఫిల్స్‌నూ రప్పించారు. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. మరుసటి నెలలోనే గంటందొర నేలకొరిగాడు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఈ కథ మైదానానికి ఎలా దిగింది

అప్పట్లో మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక వచ్చేది. చదువుకున్నవాళ్లు అలాంటి పత్రికల్లో చూసి నలుగురికీ చెప్పేవారు. కానీ ఊళ్లో చదువొచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? పాలేరుకు, కౌలురైతుకు, నాట్లు వేసే ఆడకూలికి మన్యం కథ అందాలంటే పత్రిక చాలదు, గొంతు కావాలి. ఆ గొంతు 1940లలో బుర్రకథ రూపంలో వచ్చింది.

బుర్రకథ కొత్తగా పుట్టింది కాదు. జంగం కథ, తంబుర కథ, తందాన కథ అనే పేర్లతో ఊరూరా తిరిగే సంచార కళాకారులు చెప్పుకుంటూ వచ్చిన పాత విద్యే అది. ఇంటింటా గింజలు అడుక్కుని, రాత్రికి రచ్చబండ దగ్గర కథ చెప్పి, తెల్లారేసరికి ఇంకో ఊరు పోయేవాళ్ల కళ. నడుమ ప్రధాన కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒక వంత నవ్విస్తాడు. రెండో వంత లోకం సంగతులు, రాజకీయం మాట్లాడతాడు.

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం పుట్టింది. ఆ కాలంలోనే మన ఆంధ్ర ప్రాంతంలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాని ముఖ్య నిర్మాతల్లో ఒకరు. మండలికి కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆయువుపట్టు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ బుర్రకథ రాశాడు. ఆయనా, వాసిరెడ్డి భాస్కరరావూ కలిసి ‘ముందడుగు’, ‘మాభూమి’ నాటకాలు రాశారు. 1944 మార్చిలో బెజవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వచ్చే అలాంటి సభల్లో ఉపన్యాసం ఎంత ముఖ్యమో పాటా, కథా అంత ముఖ్యం.

వాళ్లలో అందరికంటే పెద్ద గొంతు షేక్ నాజర్‌ది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. కటిక పేదరికం. ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకున్నాడు. తనవాళ్లను లోకం ఏ మాటతో చులకన చేసిందో ఆ మాటనే పుస్తకం అట్ట మీదికి ఎక్కించాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బెంగాల్ కరువు, అల్లూరి సీతారామరాజు – ఇలా ఎన్నో కథలు చెప్పాడు. ఒక్కడే రాజవుతాడు, ఒక్కడే సిపాయవుతాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లీ ఆయనే అవుతాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశాడు.

వాళ్లెందుకు కదిలారు

కొండ అంటే ఇంద్రకీలాద్రో, మంగళగిరి కొండో తప్ప తెలియని డెల్టా రైతు, మన్యం కథకు ఎందుకు కదిలాడు? ఆలోచిస్తే మాకు మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది, కథ వచ్చిన తీరు. అది తెలియని రూపంలో రాలేదు. తాత కాలం నుంచి విన్న తందాన పదంలోనే వచ్చింది. చెవికి అలవాటైన దరువులో కొత్త మాట వేస్తే అది అడ్డు లేకుండా లోపలికి పోతుంది. అంతకు ముందు 1920లలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూడా ఉద్యమ ప్రచారానికి జానపద కళల్నే నమ్ముకున్నాడు. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లవాళ్ల పాలన వద్దంటూ జనం నోటి పలుకుబడిలో పాట కట్టాడు. ఆ పాట ఊళ్లన్నీ పాకింది, ఆయన్ని జైలుకూ పంపింది. జనం భాషను జనానికే తిరిగి ఇవ్వడంలో అంత బలం ఉంది.

రెండోది, వినేవాడి సొంత గాయం. 1850లలో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టాక డెల్టా పచ్చబడింది. నిజమే. కానీ పచ్చని చేను అందరిదీ కాలేదు. జమీందారీ గ్రామాల్లో శిస్తులు, కౌలు బాధలు, అప్పులు, ఏడాదికి ఇంతని గింజలకు కుదిరిన పాలేరు జీతాలు. వాళ్లు మన్యంలో పోడు పోయిన కొండవాడి కథ వింటున్నప్పుడు తమ చేతి నుంచి జారిపోయిన ఎకరం గుర్తొచ్చింది. బాస్టియన్ పేరు వింటుంటే తమ ఊరి ఠాణేదారు మొహం కనిపించింది. బెంగాల్ కరువు కథ చూడండి. 1943లో అక్కడ అన్నం లేక లక్షల మంది చనిపోతుంటే, ఇక్కడ వరి పండించే నేల మీద కూర్చుని ఆ కథ విన్నారు. వరి కోసేవాడికి అన్నం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కరువు బాధితుల కోసం ప్రజానాట్య కళాకారులు దేశమంతటా తిరిగి విరాళాలు పోగుచేశారు. కన్నీళ్లు చేతి సాయంగా మారిన సందర్భం అది.

అంటే కళ మన గుండెల్లో లేనిదాన్ని పైనుంచి తెచ్చి పెట్టదు. అక్కడ నివురు కప్పి ఉన్నదాన్ని ఊదుతుంది.

మూడోది, ఆ వంతల పని. కథ మంచి పట్టులో ఉండగా హాస్యపు వంత అడ్డుపడి ఒక మాట అంటాడు. జనం గొల్లున నవ్వుతారు. నవ్వుతో మనసు సడలిన ఆ క్షణంలో రెండో వంత అడుగుతాడు: అది సరే, మరి మన ఊళ్లో సంగతేమిటి? అక్కడితో కథ పాతకాలం నుంచి ఈ రోజుకు, కొండల నుంచి ఈ వీధికి వచ్చేస్తుంది. వినేవాడు ఇక ప్రేక్షకుడుగా ఉండలేడు, జవాబు చెప్పుకోవాల్సిన మనిషి అవుతాడు. ఏడిపించడం ఎలాగో చాలా కళలకు తెలుసు. ఏడ్చినవాణ్ని ఆలోచించమని ఒక ప్రశ్న దగ్గర నిలబెట్టడం ఈ కళకు బాగా తెలుసు.

తంబురా పట్టిన ఆడవాళ్లు

మా హాస్టల్ అమ్మాయిలకు మేము తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో మంచి ఇంటి ఆడపిల్ల వేదిక ఎక్కితే చెడిపోయిందనేవారు. అలాంటి కాలంలో మోటూరి ఉదయం, చింతాల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి మహిళా బుర్రకథ దళంగా ఏర్పడ్డారు. భుజాన తంబురా వేసుకుని వేల జనం ముందు కథ చెప్పారు. కథలో ఏముందన్నది ఒక ఎత్తు, చెబుతున్నది ఆడమనిషి అన్నది మరో ఎత్తు. ముందు వరుసల్లో కూర్చున్న ఆడవాళ్లకు ఆ దృశ్యమే ఒక కొత్త మాట చెప్పి ఉంటుంది.

పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు కూడా ప్రజానాట్యమండలి గాయని. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఆ పసితనంలోనే వైధవ్యం. తర్వాత పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం, ఎన్నో పోగొట్టుకోవడం. వయసు మీరాక చదువు కొనసాగించి, కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టల్‌లో మేట్రన్‌గా పనిచేశారు. 2012లో ‘నిర్జన వారధి’ పేరుతో ఆత్మకథ ప్రచురించారు. నూరేళ్లు నిండాక 2018లో వెళ్లిపోయారు. మాలాగే హాస్టల్ పిల్లల్ని సాకిన మనిషి కావడం వల్ల మాకు ఆమె మీద కాస్త ఎక్కువ మమకారం. పాట ఆమెను ఇంటి గడప దాటించింది. దాటిన తర్వాత పడిన కష్టాన్ని మాత్రం పాట మోయలేదు, ఆమే మోసుకుంది. కళ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

సర్కారుకు ఎందుకు భయం

కళకు శక్తి ఉందనడానికి పెద్ద సాక్ష్యం, దాన్ని చూసి ఏలినవాళ్లు పడిన భయమే. 1876లోనే బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. నచ్చని నాటకాన్ని ఆపేయడానికి అధికారులకు అది చేతికర్ర అయింది.

మన డెల్టాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. కృష్ణా జిల్లావాడైన గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ సినిమాలు తీశాడు. ‘రైతుబిడ్డ’ జమీందారీ వ్యవస్థను ఎండగట్టింది. తమాషా ఏమిటంటే ఆ సినిమా తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టింది చల్లపల్లి జమీందారే. మిగతా జమీందారులకు ఒళ్లు మండింది. బొబ్బిలి, వెంకటగిరి రాజాలు అభ్యంతరాలు లేవదీశారు, కొన్నిచోట్ల సినిమాను ఆపించారు. తెర మీద ఆడే బొమ్మకు అంత భయపడాల్సిన పనేముంది? వాళ్లకు తెలుసు, ఆ బొమ్మ చూసి ఇంటికెళ్లిన రైతు మర్నాడు శిస్తు కట్టేటప్పుడు వేరే చూపు చూస్తాడని.

‘మాభూమి’ నాటకం కూడా అంతే. తెలంగాణలో విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుకెక్కి, హత్యకు గురైన పేద రైతు బందగీ కథ దానికి ఆధారం. నైజాం రాజ్యంలో జరిగిన ఘోరాన్ని బ్రిటిష్ ఆంధ్ర రైతులు తమదిగా చూశారు. ఎన్నో దళాలు ఊరూరా ప్రదర్శించాయి. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1940ల చివరికి ప్రజానాట్యమండలి మీద నిర్బంధం పెరిగి, కళాకారులు జైళ్ల పాలయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్లారు.

కానీ కథ ఆగలేదు. 1953లో గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ సినిమాలో నాజర్ బుర్రకథ వినిపించింది. 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో అల్లూరి సీతారామరాజు బుర్రకథే తెర మీదికొచ్చింది. 1974 మే 1న బుర్రిపాలెం బిడ్డ కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం దక్కింది. 2022లో భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం వెలిసింది. ఒకప్పుడు ఠాణా మీద పడిన తిరుగుబాటుదారు ఊరూరా పూజలందుకునే వీరుడయ్యాడు. వంద ఏళ్లలో వచ్చిన ఈ మార్పులో ఆ తంబురాలకు పెద్ద వాటా ఉంది.

పక్కనే ఉన్నా కనబడనివాళ్లు

ఇక్కడిదాకా చెప్పింది గర్వపడాల్సిన చరిత్ర. ఇప్పుడు చెప్పబోయేది ఆలోచించాల్సిన చరిత్ర.

మన్యం గిరిజనుల కోసం మైదానం కంటతడి పెట్టిన ఆ దశకంలోనే, అదే మైదానంలో ఎరుకల కుటుంబాలు నేరస్త జాతుల చట్టం కింద నలిగిపోతున్నాయి. 1871లో పుట్టిన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో అమలైంది. పుట్టుకనే నేరంగా రాసిన చట్టం అది. ఎరుకలతో పాటు యానాదుల్లో, మరికొన్ని సంచార తెగల్లో ఎందరినో ఆ జాబితాలో వేశారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే చీటీ. యానాదుల పేరు ఆ జాబితాల నుంచి తీయించడానికి వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా పోయింది 1952లో.

ఇంకో విచిత్రం చూడండి. మన యక్షగానాల్లో ఎరుకలసాని పాత్రకు ఎంతో గౌరవం ఉంది. శ్రీనివాస కల్యాణంలో సాక్షాత్తూ వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం కట్టి, బుట్ట పట్టుకుని వచ్చి, పద్మావతి తల్లికి ఎరుక చెబుతాడు. ఆ ఘట్టం రాగానే జనం చేతులు జోడిస్తారు. వేదిక మీద ఎరుకలసాని దేవుడు. తెల్లవారి అదే బుట్టతో నిజం ఎరుకల ఆడమనిషి వీధిలోకి వస్తే ఆమె వైపు అనుమానపు చూపు. ఆట చూసి కదిలిన మనసే, ఆట అయిపోయాక వీధిలో ఎందుకు కదల్లేదు?

ఇది కళ తప్పని మేము అనడం లేదు. కళ తలుపు తీస్తుంది. లోపలికి ఎవరిని పిలవాలో ఆ కథ చెప్పేవాళ్లకు ఎవరు తెలుసో దాని మీద ఆధారపడుతుంది. నాజర్ పేదరికం తెలిసినవాడు, అందుకే కూలివాడి బాధ ఆయన గొంతులో పలికింది. హాజరు పట్టీలో వేలిముద్ర వేసిన మనిషి మాత్రం తంబురా పట్టి వేదిక ఎక్కలేదు. అందుకే ఆ బాధ పలకలేదు. దూరాన ఉన్న గిరిజనుడు వీరుడుగా కనిపించాడు, పక్క పాకలో ఉన్న గిరిజనుడు కనిపించలేదు. దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడ ఇంకో అర్థంలో నిజమైంది.

మన్యం కథలోనూ ఇలాంటి లోటే ఒకటుంది. సీతారామరాజు పేరు తెలియని తెలుగువాడు లేడు. అది న్యాయమే, ఆయన త్యాగం సామాన్యమైంది కాదు. కానీ గంటందొర ఎవరని అడిగితే డిగ్రీ చదివినవాళ్లు కూడా నీళ్లు నములుతారు. కథకు ఒక నాయకుడు కావాలి. చుట్టూ ఉన్నవాళ్లు గుంపు అయిపోతారు. ఆ గుంపు మనం.

మా హాస్టల్‌లో ఒక ప్రయత్నం

ఒక ఏడాది ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా అమ్మాయిలు మన్యం పోరాటం మీద బుర్రకథ నేర్చుకుంటున్నారు. వంతగా ఉన్న ఎనిమిదో తరగతి పిల్ల, ఎరుకల బిడ్డ, మధ్యలో ఆపి అడిగింది: “మేడమ్, ఇది కొండ మీది వాళ్ల కథ కదా. మరి మన కథ ఎవరు చెప్పారు?” రెండో వంత అడగాల్సిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఎవరూ రాసివ్వకుండానే ఆ పిల్ల అడిగింది.

దాంతో ఆ వారం అందరికీ ఒక పని పెట్టాం. ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవ్వనో తాతనో అడిగి ఒక పాత సంగతి తెలుసుకుని రాయాలి. పిల్లలు తెచ్చినవి చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. సుగాలీ పిల్ల వాళ్ల నాయనమ్మ పాడే తీజ్ పాట గోర్‌బోలిలో రాసుకొచ్చింది. యానాది పిల్ల వాళ్ల తాత వాగు నీటి రంగు చూసి చేప జాడ చెప్పే పద్ధతి రాసింది. ఎరుకల పిల్ల రాసింది మూడే వాక్యాలు. ముత్తాత రోజూ రాత్రి హాజరు చెప్పడానికి పోయేవాడని, ఒక రాత్రి జ్వరంతో పోలేకపోతే తెల్లారి కొట్టారని, ఆ తర్వాత ఆయన చీకటి పడితే గడప దగ్గరే కూర్చునేవాడని.

మన్యం కథ చివర ఆ మూడు వాక్యాలను అలాగే చేర్చాం. రాగం పెట్టలేదు. డక్కీలు ఆపి, ఆ పిల్ల మామూలుగా చెప్పింది. ప్రదర్శన రోజు ఆ మాటలు రాగానే ఆవరణలో చప్పుడు ఆగిపోయింది. తల్లిదండ్రుల్లో కూర్చున్న ఒక ముసలాయన లేచి నిలబడి, “మా నాయన కూడా పోయేవాడమ్మా హాజరుకు, నేను చిన్నప్పుడు చూశాను” అన్నాడు. ఆయన మనవరాలు ఆ మాట అంతకు ముందు ఎన్నడూ వినలేదట. సిగ్గుపడాల్సిన సంగతి అనుకుని ఇంట్లో దాచిపెట్టిన విషయం, సిగ్గుపడాల్సింది మనం కాదని తెలిసిన రోజు నలుగురిలో బయటికొచ్చింది. ఒక కథ ఇంకో కథను లేపిందంటే ఇదే.

మీ చేతిలో ఉన్న పని

యువ మిత్రులారా, నాజర్ కాలానికి తంబురా ఎలాగో, మీ కాలానికి చేతిలో ఫోన్ అలాగ. పొట్టి వీడియో తీయడం, పాట కట్టి పెట్టడం మీకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పని చేసేటప్పుడు ఈ చరిత్ర నుంచి కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

మన రూపాలను వదలకండి. థింసా, తీజ్ పాట, ఎరుక చెప్పే తీరు, డప్పు దరువు – వీటిలో జనం చెవికి అలవాటైన దారి ఉంది. సినిమా పాటకు అడుగులు వేయడం తప్పు కాదు. కానీ అది అందరూ చేస్తారు. మీ అవ్వ పాట మీరు తప్ప ఇంకెవరూ పాడలేరు.

పేర్లతో సహా చెప్పండి. గంటందొర, మల్లుదొర, ఎర్రేసు అని నోరారా పలకండి. మీ తండాలో, మీ పేటలో, మీ గూడెంలో నలుగురి కోసం నిలబడిన పెద్దవాళ్ల వివరాలు అడిగి, తేదీతో రాసిపెట్టండి. ఎనభై దాటిన అవ్వలు, తాతలు మనకోసం ఎంతో కాలం ఆగరు. ఈ పని వచ్చే సెలవులకు వాయిదా వేయకండి.

విన్నది విన్నట్టు చెప్పండి. జనం కదలాలని లేని దెబ్బల్ని కల్పించకండి. మూడు నిజమైన వాక్యాలు చేసిన పని మేము కళ్లారా చూశాం.

కురుభాషలోనో, గోర్‌బోలిలోనో, కోయభాషలోనో ఒక్క మాటైనా మీ ప్రదర్శనలో ఉండనివ్వండి. అర్థం కానివాళ్లు అడుగుతారు. అడగనివ్వండి. అడిగినవాడికి చెప్పడంతోనే పరిచయం మొదలవుతుంది.

చివరగా ఒక్క మాట. వేదిక మీద కథ విని చప్పట్లు కొట్టిన మనమే, దిగి ఇంటికెళ్లే దారిలో మనకంటే అణగారినవాళ్లను చూడకుండా పోవచ్చు. కాలువ గట్టున గుడిసె వేసుకున్న సంచార కుటుంబం, ఊరూరా తిరిగే బుడబుక్కలవాళ్లు, గంగిరెద్దులవాళ్లు – వీళ్ల పిల్లలు బడికి వస్తున్నారా? రానివాళ్లు కనబడితే మీ ఊరి బడిలోనో, దగ్గరి హాస్టల్‌లోనో చెప్పండి. మమ్మల్ని లోకం చూడలేదని బాధపడే హక్కు మనకుంది. ఇంకొకరిని చూడాల్సిన బాధ్యతా మనకే ఎక్కువ.

ఈ ఏడాది మీ ఊళ్లో ఉత్సవం జరిగినప్పుడు, కథ నడుమ రెండో వంతను ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి. అది సరే, మరి మన ఊళ్లో సంగతేమిటి అని అడగనివ్వండి. జవాబు చెప్పడానికి ముందు వరుసలో మీరు కూర్చోండి.